పీ విలువ 0.05 దాటితే మందు పనిచేయనట్టేనా?

ఇవాళ ఒక పీజీ విద్యార్థిని తన థీసిస్ ప్రతిని తెచ్చి నాకు చూపించింది. రక్తహీనత ఉన్న గర్భిణులలో ఒక వర్గానికి ఐరన్ మాత్రలు, మరో వర్గానికి ఐరన్ సుక్రోజ్ ఇంజెక్షన్లు ఇచ్చి, చివరికి రెండు వర్గాల హిమోగ్లోబిన్ సగటులను టీ టెస్టుతో పోల్చిన పని అది. పీ విలువ (అసలు తేడా ఏమీ లేకపోయినా, ఇంత లేదా ఇంతకు మించిన తేడా యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత) 0.05 దాటిందన్న ఒక్క కారణంతో గైడ్ గారు ఆమె ముగింపు పేరాను ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన "తేడా లేదు అని రాయి" అని రాశారు. అది చూసినప్పటి నుంచి నా కోపం చల్లారడం లేదు.

తేడా లేదని ఆ పరీక్ష ఎక్కడ చెప్పింది? వర్గానికి 20 మంది ఉన్నారనీ, సగటుల మధ్య తేడా డెసిలీటరుకు 0.8 గ్రాములనీ, విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ రెండు వర్గాల్లోనూ 1.5 గ్రాములనీ అనుకుందాం. పీ విలువ 0.10 దగ్గర వస్తుంది. కానీ 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే ఈ డేటాతో పొసగే అసలు తేడాల పరిధి, మైనస్ 0.16 నుంచి 1.76 దాకా ఉంటుంది. అంటే ఇంజెక్షన్ వల్ల అదనపు ప్రయోజనం ఏమీ లేకపోవచ్చు, గ్రామున్నరకు పైగా ఉండనూ వచ్చు. ఏదో ఒకటి తేల్చి చెప్పడానికి నలభై మంది చాలరు. ఇంకా తేలలేదని రాయవలసిన చోట లేదని రాయిస్తే, రేపు దాన్ని నమ్మిన డాక్టరు చేతిలో నష్టపోయేది నెలలు నిండుతున్న ఒక తల్లి.

దీనికి తలకిందులైన తప్పును మాత్రం ఎవరూ ఎర్ర సిరాతో కొట్టరు. అదే స్టాండర్డ్ డీవియేషన్‌తో వర్గానికి 5,000 మందిని తీసుకుంటే, 0.1 గ్రాము తేడాకే పీ విలువ 0.001 కన్నా తక్కువ వస్తుంది. అంత చిన్న తేడాతో ఏ గర్భిణి ఆయాసమూ తగ్గదు. శాస్త్రీయ నిర్ణయాలను పీ విలువ ఒక హద్దు దాటిందా లేదా అన్నదాని మీదే నిలపకూడదని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లోనే స్పష్టంగా ప్రకటించింది. మన థీసిస్ గదుల్లోకి ఆ మాట ఇంకా రాలేదు.

అసలు నా బాధ ఇంకా పాతది. 0.05 హద్దును వాడుకలోకి తెచ్చిన గణాంక శాస్త్రవేత్త ఫిషరే 1938లో కలకత్తాకు వచ్చి, ప్రయోగం ముగిశాక గణాంక నిపుణుడిని పిలవడమంటే చాలాసార్లు శవపరీక్ష చేయమనడమేనని మన గడ్డ మీదే చెప్పి వెళ్లాడు. అయినా మన పిల్లలు నేటికీ డేటా అంతా ఎక్సెల్‌లో నింపాకే మా గణాంక నిపుణుల దగ్గరికి వస్తారు, ఎందుకంటే ముందే వెళ్లమని వాళ్లకు ఎవరూ చెప్పరు. పైన చెప్పిన 0.8 గ్రాముల తేడాను 80 శాతం పవర్‌తో (అంటే తేడా నిజంగా ఉంటే నూటికి ఎనభై సార్లు దొరికేలా) పట్టుకోవాలంటే వర్గానికి సుమారు 56 మంది కావాలి. పది నిమిషాల లెక్క అది. ఆ అమ్మాయి ప్రోటోకాల్‌లో శాంపిల్ సైజ్ ఎలా వచ్చిందో ఒక్క వాక్యం కూడా లేదు, దాని కింద సంతకం చేసి ముందుకు పంపింది ఇదే గైడ్ గారు.