కథా కావాలి, లెక్కా కావాలి

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ పొద్దున్నే గ్రంథాలయానికి వెళ్తే కుర్చీ దొరకడం కష్టం. సంతోషించాల్సిన విషయమే. కానీ అక్కడ కూర్చుని చదివే పిల్లల ముందు ఉండేవి గ్రూప్స్ గైడ్లు, కానిస్టేబుల్ మోడల్ పేపర్లు, డీఎస్సీ బిట్ బ్యాంకులు. చాలావరకు ఇంటి నుంచి తెచ్చుకున్నవే. కథలు, చరిత్ర, సైన్సు ఉన్న బీరువాల వైపు లేచి వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లినా చేతికొచ్చేవి ఎప్పుడో కొన్న, అట్టలూడిన పుస్తకాలు. ఇందులో పాఠకుల తప్పేమీ లేదు. ఏ పుస్తకాలు కొంటున్నాం, ఎవరి కోసం కొంటున్నాం అని ఆలోచించడం మానేసిన వ్యవస్థదే తప్పు.

పోటీ పరీక్షల పుస్తకాలు ముందు, మిగతావి తర్వాత అనేవాళ్ల బాధ నాకు తెలుసు. ఇక్కడి మత్స్యకారులు పని కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి బోట్లెక్కుతున్నారు. అలాంటి ఇంటి కుర్రాడితో ముందు కథలు చదువు, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం అని ఎవరూ అనలేరు. అయితే సిలబస్ మారిన రోజున గైడు తూకానికి పోతుంది. జనం డబ్బుతో కొన్న పుస్తకం ఆ కుర్రాడి పిల్లల కాలానికి కూడా పనికిరావాలి. ఉద్యోగం వచ్చినవాడికీ రానివాడికీ కూడా అక్కరకు రావాలి.

మరి ఏం కొనాలి? కథల పుస్తకాన్నీ, విషయం చెప్పే పుస్తకాన్నీ జంటగా కొనాలి. ఒకే బీరువాలో పక్కపక్కన పెట్టాలి. కథలు కాలక్షేపానికి, మిగతావి విజ్ఞానానికి అనే విభజన ఎక్కడైనా నడుస్తుందేమో గానీ ఈ నేల మీద నడవదు.

రుజువు విజయనగరంలోనే ఉంది. కన్యాశుల్కం అనగానే మనకు గిరీశం, మధురవాణి గుర్తొస్తారు. 1897లో అచ్చయిన తొలి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట ఎంతమందికి గుర్తుంది? అందులో ఒక లెక్క ఉంది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణ కన్యాశుల్క వివాహాల జాబితాను విజయనగరం మహారాజు ఆనందగజపతి తయారు చేయించారు. మొత్తం 1,034 పెళ్లిళ్లు. ఏడాదికి సగటున 344. పెళ్లికూతుళ్లలో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది వయసున్న పసిపిల్లలు ముగ్గురు! ఆ పసిగుడ్డుల ధర 350 నుంచి 400 రూపాయలు.

ఈ లెక్క చదివాక మళ్లీ నాటకం తెరవండి. వెంకమ్మ ఎంత మొత్తుకున్నా వినకుండా అగ్నిహోత్రావధాన్లు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టడానికి సిద్ధమయ్యే చోట ఇదివరకటిలా నవ్వు రాదు. లెక్క ఒక్కటే ఉంటే ఏ రికార్డు గదిలోనో చెదలకు పోయేది. నాటకం ఒక్కటే ఉంటే కవి కాస్త ఎక్కువ చేసి రాశాడని సర్దిచెప్పుకునేవాళ్లం. రెండూ కలిసి ఉన్నాయి కాబట్టే తప్పించుకోవడానికి దారి లేదు. తెలుగులో అంత గొప్ప నాటకం వెనక ఒక సర్వే ఉందన్న సంగతిని మన బడుల్లో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

విజయనగరం కథకుడు చాసో రాసిన 'ఎంపు' కథ తీసుకోండి. ముష్టెత్తుకునే ఇంటి పిల్ల కుంటివాణ్ని మనసుపడుతుంది. తండ్రి గుడ్డివాణ్ని చేసుకోమంటాడు, గుడ్డివాడికి ముష్టి ఎక్కువ పడుతుంది కనుక. నాలుగు పేజీల్లో పేదరికపు ఆర్థికశాస్త్రం మొత్తం ఉంది. మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారి కథ 'యజ్ఞం' ఇంకా లోతుకు తీసుకెళ్తుంది. ఊరి మధ్య పంచాయితీ. అప్పల్రాముడి బాకీ మీద తగువు. అసలెంత, వడ్డీ ఎంత, ఎవరిది న్యాయం? చివరికి తన కొడుకు బతుకు ఊడిగంలో తెల్లారకూడదని అప్పల్రాముడి కొడుకు సీతారాముడు ఆ పసివాణ్ని తన చేతులతోనే నరికేస్తాడు. ఇది చదివిన ఇంటర్ కుర్రాడు ఊరుకోడు, ప్రశ్నలు వేస్తాడు. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చాక కూడా అప్పులు ఎందుకు తీరలేదు? 1940లో మందస రైతుల పోరాటంలో గున్నమ్మను పోలీసులు ఎందుకు కాల్చారు? 1967 తర్వాత ఏజెన్సీ కొండల్లో గిరిజనుల పోరాటంలో ఏం జరిగింది? ఆ ప్రశ్నలు వచ్చిన పూటే, అదే అరలో జవాబు చెప్పే పుస్తకం దొరకాలి. వారం ఆగితే ఆ ఆసక్తి చల్లారిపోతుంది.

ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, తిరుగు ప్రయాణంలో పూరీ మీదుగా మన తీరం వెంబడే దిగాడు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' విషయం చెప్పే పుస్తకమే అయినా నవలకు ఏమాత్రం తీసిపోదు. కథల సంగతికొస్తే, తనకొచ్చిన సాహిత్య అకాడమీ అవార్డు డబ్బుతో కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం మొదలుపెట్టారు. తెలుగు కథకు ఒక ఇల్లు ఏర్పడింది. విజ్ఞాన గ్రంథాలకు ఆ పాటి దిక్కు కూడా లేదు.

అసలు నా గోడు ఇక్కడే మొదలవుతుంది. గిడుగు రామమూర్తి 1863లో పుట్టిన పర్వతాలపేట మన శ్రీకాకుళం జిల్లాదే. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించాలని తపించాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చాడు. వాడుక తెలుగు కోసం ఆయన అన్నేళ్లు పోట్లాడింది కథలు రాసుకోవడానికి మాత్రమే కాదు, జ్ఞానం సామాన్యుడికి అందాలని. ఏటా ఆగస్టు 29న ఆయన విగ్రహానికి దండలు వేస్తున్నాం. ఆయన అడిగిన పని మాత్రం సగంలో ఆగిపోయింది.

కిడ్నీ జబ్బు పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడండి. కవిటిలో, సోంపేటలో, మందసలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంటే చదువురాని ముసలమ్మకూ తెలుసు. డయాలసిస్ వంతు కోసం కూర్చున్న మనిషి చేతిలో రిపోర్టు ఉంటుంది, అందులో అంకె ఎంతో ఆయనకు కంఠతా వచ్చు. ఆ అంకె ఎందుకు పెరిగిందో చెప్పే పుస్తకం మాత్రం ఆయన చేతికి అందలేదు. పలాసలో ఆసుపత్రి వచ్చింది, హిరమండలం నుంచి నీళ్లు వచ్చాయి, మంచిదే. జబ్బుకు ఫలానాదే కారణమని సైన్సు ఇంకా తేల్చలేదు. నీళ్లలో సిలికానా, లోహాలా, ఎండలో ఒళ్లు హూనమయ్యే పనా, అదే పనిగా మింగే నొప్పి బిళ్లలా అని ఏళ్లుగా పరిశోధనలు సాగుతున్నాయి. ఆ పత్రాలన్నీ ఇంగ్లీషులో, ఉద్దానం గడప తొక్కని జర్నళ్లలో ఉన్నాయి. దేనికి ఎంత రుజువు ఉందో, ఏది ఉత్త అనుమానమో వాడుక తెలుగులో వంద పేజీల్లో చెప్పించలేమా? తెలుగులో సైన్సు కుదరదని అనకండి. నండూరి రామమోహనరావు మానవ పరిణామం మీద 'నరావతారం', ఖగోళం మీద 'విశ్వరూపం' రాస్తే జనం ఇష్టంగా చదివారు.

డబ్బు లేదంటారు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. వసూలు చేసుకున్న పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయకుండా బకాయి పెడుతున్నాయి. ముందు అవి కట్టాలి. రెండు జిల్లాల గ్రంథాలయ సంస్థలూ తాము కొనే పుస్తకాల జాబితాను కొనకముందే నోటీసు బోర్డులో పెట్టాలి, పాఠకులు కోరినవి అందులో చేర్చాలి. కొనుగోళ్ల డబ్బులో సగం కథలకు, నవలలకు, మిగతా సగం తెలుగులో వచ్చే చరిత్ర, సైన్సు, వైద్యం పుస్తకాలకు కేటాయించాలి. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేలోగా మొదటి జాబితా బయటికి రావాలి. ఉద్దానం మీద పుస్తకం ఎవరితో రాయిస్తారో కూడా ఆ రోజే చెప్పాలి.