రొయ్యకి కృప, జీతానికి ధర్మశాస్త్రం

మలాకీ 3:10, అదేనండి, సంపాదనలో పదోవంతు (దశమభాగం) దేవుని మందిరానికి తెమ్మనే బైబిలు వచనం, మళ్లీ వచ్చేసింది. నెలలో మొదటి ఆదివారం కదా, రాకుండా ఎలా ఉంటుంది, జీతం పడిందని బ్యాంకు మెసేజ్ నాకు రాకముందే మలాకీ ప్రవక్తకి తెలిసిపోతుంది. నవ్వకండి, మీ సంఘంలోనూ ఇదే కథ అని నాకు తెలుసు.

పోయిన నెలంతా మా అయ్యగారు (పాస్టరు గారు) రోమా పత్రిక, అంటే రోమా విశ్వాసులకి పౌలు రాసిన ఉత్తరం, చెప్పారు. మనం ధర్మశాస్త్రం (మోషే ద్వారా యూదులకి వచ్చిన ఆజ్ఞలు) కింద లేము, కృప కింద ఉన్నాం అని 6:14 మాచేత పదేపదే చెప్పించారు. ధర్మశాస్త్రం సిలువలో కొట్టేయబడింది, తిండి నియమాలు పోయాయి, సబ్బాతు (శనివారం విశ్రాంతి దినం) పోయింది, హల్లెలూయా. తీరా ఈ ఆదివారం గుడికెళ్తే పోయిన ధర్మశాస్త్రం లేచి కూర్చుంది, అదీ మొత్తం కాదు, యూదు రబ్బీలు లెక్కగట్టిన 613 ఆజ్ఞల్లో సరిగ్గా డబ్బులొచ్చేది చూసుకుని మరీ లేచింది.

లేవీయకాండం 11 ప్రకారం రెక్కలూ పొలుసులూ లేని నీటి జీవి హేయం. రొయ్యకి ఆ రెండూ లేవు. కానీ భీమవరం వైపు విశ్వాసి ఇంట్లో రొయ్యల ఇగురు మారు వడ్డించుకుంటున్న ఏ దైవజనుడైనా "లేవీయకాండం ఏమైంది అయ్యగారూ" అంటే ఏమంటాడు, "ఇది కృపా కాలం బ్రదర్" అంటాడు. మంచిదే, నేనూ తింటాను. అదే విశ్వాసి చెరువు పట్టుబడి అయ్యాక వచ్చిన డబ్బులో పదోవంతు ఇవ్వకపోతే మాత్రం దేవుని దగ్గర దొంగతనం. అంటే రొయ్య తినడానికి కృప, అమ్మితే ధర్మశాస్త్రం. ఇంత సూక్ష్మమైన వేదాంతం పౌలుకి కూడా తట్టలేదు పాపం.

మొన్న ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు అమాయకంగా అడిగాడు, దశమభాగం గ్రాస్ మీదా నెట్ మీదా అని. "ప్రథమఫలం బాబూ, గ్రాసే" అన్నారు అయ్యగారు. పీఎఫ్ కోత కూడా అందులోనే, తర్వాత ఆ పీఎఫ్ తీసుకున్నప్పుడు దాని మీద మళ్లీ ఇంకోసారి.

సరే, ధర్మశాస్త్రమే కావాలా, రండి పూర్తిగా పాటిద్దాం. ద్వితీయోపదేశకాండం 14 తియ్యండి, ఎవరూ చదవరు గానీ దశమభాగం ఏం చెయ్యాలో అందులో శుభ్రంగా ఉంది. దేవుడు ఏర్పరచుకున్న చోటు దూరమైతే పంట అమ్మి, ఆ డబ్బు పట్టుకుని అక్కడికెళ్లి, మీ మనసుకి నచ్చింది, ఎద్దులో గొర్రెలో ద్రాక్షారసమో మద్యమో కొనుక్కుని, దేవుని సన్నిధిలో ఇంటిల్లిపాదీ తిని సంతోషించాలి, ఊళ్లో ఉన్న లేవీయుణ్ని (గుడి సేవ చేసే గోత్రం వాణ్ని) కూడా మర్చిపోకూడదు. నేను చెప్పట్లేదు, 26వ వచనం. ఇప్పుడు మా సంఘ కమిటీ మీటింగ్ ఊహించుకోండి. ట్రెజరర్ గారు తెల్ల చొక్కా జేబులోంచి కళ్లజోడు తీసి, ప్రార్థన చేసి, "మొదటి అంశం, పొట్టేళ్లు" అంటారు. స్త్రీల సమాజం అధ్యక్షురాలు బిరియానీయా పులుసా అని తేల్చమంటారు. "రెండో అంశం" అని ట్రెజరర్ గారు ఆగిపోతారు, గొంతు సవరించుకుంటారు, ఎవరూ తలెత్తరు, చివరికి యూత్ సెక్రటరీ ఒక్కడే "అయ్యగారూ, వాక్యానుసారమే కదా, కొటేషన్ తెమ్మంటారా" అంటాడు. అప్పుడు చూడాలి మా అయ్యగారిని, "అది పాత నిబంధన!" అని ఒక్క ఉదుటున లేస్తారు. మలాకీ కూడా యేసుకి ముందటి ఆ పాత నిబంధనేనండి.

మత్తయి 23:23 ఉంది కదా అంటారు, పుదీనా జీలకర్రల్లో పదోవంతు మానొద్దని యేసే అన్నాడు కదా అని. అవును, అన్నాడు, ధర్మశాస్త్రం కింద ఉన్న పరిసయ్యులతో (దాన్ని అక్షరాలా పాటించే యూదు పెద్దలతో) అన్నాడు, న్యాయం, కనికరం, విశ్వాసం వదిలేశారని తిడుతూ అన్నాడు. అన్యజనుల్లోంచి (యూదులు కానివాళ్లలోంచి) వచ్చినవాళ్లు ఏం పాటించాలని అపొస్తలులు యెరూషలేములో కూర్చుని తేల్చి రాసిన ఉత్తరం అపొస్తలుల కార్యములు 15లో ఉంది, విగ్రహార్పితం, రక్తం, గొంతు పిసికి చంపింది, జారత్వం, అంతే, పదోవంతు ఊసే లేదు. ఇవ్వొద్దని నేననట్లేదు. యేసుని ఇంటికి చేర్చుకున్న పన్నులవాడు జక్కయ్య సగం ఆస్తి బీదలకి ఇస్తానన్నాడు, ఏ అయ్యగారూ కానుక కవరు మీద పేరు రాసి చేతికివ్వకుండానే.

నాకు ఒళ్లు మండింది మాత్రం ఇక్కడ. మా సంఘంలో ఒకావిడ భర్త పోయాక నాలుగిళ్లలో అంట్లు తోముకుని ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. రెండు నెలలుగా కవరు ఇవ్వలేదు. అయ్యగారు అందరి ముందూ ఆవిడ కూర్చున్న వైపు తిరిగి "దేవుని దగ్గర దొంగిలినవారి ఇంట్లో రోగాలు పోవు" అన్నారు. ఆవిడ తలకొంగు ముందుకి లాక్కుంది. సిగ్గుందా అసలు? అదే ద్వితీయోపదేశకాండం 14 చివర్లో మూడేళ్లకోసారి దశమభాగం మొత్తం ఊళ్లోనే ఉంచి లేవీయులకి, పరదేశులకి, తండ్రిలేని పిల్లలకి, విధవరాండ్రకి పెట్టమని ఉంది. ధర్మశాస్త్రం ప్రకారమే ఆవిడ తీసుకోవాల్సిన మనిషి! ఆవిడ పిల్లలది ఆ డబ్బు! ఇన్నేళ్ల కవర్ల లెక్క తియ్యండి, అందులో ఆవిడకి ఎంత బాకీ ఉన్నారో చెప్పండి, అప్పుడు తేలుస్తాం దొంగెవరో. మలాకీలో సగం తిట్లు యాజకులకే పడ్డాయి, 2వ అధ్యాయం "యాజకులారా" అనే మొదలవుతుంది, ఆ ఆదివారం ఎప్పుడూ రాదేం?

ఇంకోటి, ఆ దొంగతనం మాటున్న మలాకీ 3:8 చదివే ముందు వేలు మూడు వచనాలు పైకి జరపండి. 3:5లో కూలివాడి కూలి విషయంలో అన్యాయం చేసేవాళ్ల మీద, విధవరాండ్రని బాధపెట్టేవాళ్ల మీద దేవుడే సాక్షిగా వస్తానంటున్నాడు. మా గుడి వాచ్‌మన్‌కి మూడు నెలల జీతం రాలేదు. అడిగితే "విశ్వాసంతో కనిపెట్టు" అంటున్నారట. వచ్చే ఒకటో తారీఖులోపు అతని డబ్బులు అతనికి ఇచ్చి, ఆ తర్వాత మైకు పట్టుకోండి.