పంపే మాట వినపడాలి

సువార్త వ్యాప్తి అనగానే మనకు సభలు, కరపత్రాలు, ఇంటింటి సందర్శనలు గుర్తొస్తాయి. కతోలిక చర్చిలో ఆదివారం జరిగే పూజ మాత్రం అప్పటికే నమ్మినవాళ్ల సొంత వ్యవహారం అనుకుంటాం. అది పొరపాటు. పూజకు లాటిన్‌లో 'మిస్సా' అన్న పేరు వచ్చిందే చివర జనాన్ని పంపే మాట నుంచి.

1963లో రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సమావేశం) దైవార్చనను, అంటే పూజ వంటి సామూహిక ఆరాధనను, తిరుసభ (కతోలిక సంఘం) పనులన్నిటికీ శిఖరమనీ, ఊట అనీ చెప్పింది. ఈ మాట అందరూ ఉటంకిస్తారు. దాని ముందు పేరాను ఎవరూ తలవరు: దైవార్చనే తిరుసభ పని మొత్తం కాదు, మనుషులు దానికి రావాలంటే ముందు విశ్వాసానికి, మారుమనస్సుకు పిలుపు అందాలి. రెండూ కలిపి చదివితేనే అర్థం నిలుస్తుంది.

ముగింపులో జరిగేది చూడండి. సత్ప్రసాద (పవిత్రపరచిన రొట్టె) స్వీకారం తర్వాతి ప్రార్థన అయ్యాక, అవసరమైతే క్లుప్తంగా ప్రకటనలు, ఆపైన దీవెన, పంపడం. ఇదీ క్రమం. ఆ 'క్లుప్తంగా' పది నిమిషాలకు సాగుతుంది: చందాలు, పుట్టినరోజులు, కృతజ్ఞతలు. అప్పటికి సగం మంది లేచి నిలబడతారు, పంపే మాట ఆ గోలలో కలిసిపోతుంది. రెండు మూడు ప్రకటనలు, ఒక్క నిమిషం చాలు. మిగతావి నోటీసు బోర్డు మీద పెట్టండి. 'వెళ్లి ప్రభువు సువార్తను ప్రకటించండి' అన్న అర్థం వచ్చే వాక్యాన్ని 16వ బెనెడిక్ట్ పోపు 2008లో చేర్చారు. దాన్ని వాడండి, జనం వైపు చూసి, తొందరపడకుండా.

కొత్తగా వచ్చినవారికి మొదట చేరేది పూజలో బైబిలు చదివేవారి గొంతు. పఠనం పూజకు ఐదు నిమిషాల ముందు చేతికిస్తే పేర్ల దగ్గరే తడబాటు. వారం మధ్యలోనే ఇచ్చి, మూడుసార్లు పైకి చదివించాలి. ప్రసంగం ఎనిమిది నిమిషాలు మించకూడదని ఫ్రాన్సిస్ పోపు 2024లో గట్టిగా చెప్పారు. ఆ తర్వాత కాస్త మౌనం ఉండాలి.

అసలు నష్టం పెద్దవయసులో విశ్వాసంలోకి వచ్చేవారి జ్ఞానస్నాన సిద్ధపాటులో. దానికోసం తిరుసభ ఇచ్చిన 1972 నాటి క్రమం ఆ సిద్ధపాటును ఆరాధనలోనే నడిపిస్తుంది: పాస్కా (ఈస్టర్) ముందరి తపఃకాలపు 3, 4, 5 ఆదివారాల్లో సమరియ స్త్రీ, పుట్టు గుడ్డివాడు, లాజరు సువిశేషాలు, వాటితో పరీక్షా ప్రార్థనలు (జ్ఞానస్నానం పొందబోయేవారి హృదయశుద్ధి కోసం చేసేవి), పాస్కా జాగరణ రాత్రి జ్ఞానస్నానం. దీన్ని చాలాచోట్ల పాఠాలు, ప్రశ్నోత్తరాల బడిగా మార్చేశారు. జ్ఞానస్నానం అయిన కొన్ని వారాలకే వాళ్లు కనబడకుండా పోతే ఆశ్చర్యమేముంది? పాస్కా తర్వాతి 50 రోజుల శిక్షణను ఎత్తేసింది మనమే.

ఆ రోజుల్లో వారానికో గంట కూర్చోబెట్టండి. తైలం, తెల్లని వస్త్రం, కొవ్వొత్తి ఒక్కొక్కటే ముందుంచి, ఆ రాత్రి ఏం విన్నారు, ఏం తాకింది అని అడగండి. ముందు వాళ్లు చెప్పాలి. ఉపదేశి (విశ్వాస పాఠాలు నేర్పేవారు) ఆ తర్వాతే మాట్లాడాలి.