తుపాకికి నూనె పెట్టిన బావగారు

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో వేట కబుర్లకే పరిమితమైంది. కబుర్లకు లైసెన్సు అక్కర్లేదు కాబట్టి మా బావగారు ఆ పని నిరాటంకంగా సాగిస్తూ వచ్చారు. వాళ్ళ తాతగారు పాపికొండల్లో చిరుతను కొట్టారట. మా అక్క పెళ్ళినాటికి అది చిరుతే. మేనల్లుడు పుట్టేసరికి పులైంది. వాళ్ళు కోపెన్‌హాగెన్‌లో ఇల్లు కొనుక్కునేనాటికి ఆ పులికి ఒక తోడు కూడా దొరికింది.

కబుర్లు కబుర్లుగానే ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. డెన్మార్క్‌లో వేటాడాలంటే పరీక్ష ఉంది. ఏ పిట్ట ఏదో, దేన్ని ఏ కాలంలో ముట్టుకోకూడదో రాయాలి, తుపాకి జాగ్రత్తగా పట్టుకుని చూపించాలి, రైఫిల్ కావాలంటే గురి పరీక్ష మళ్ళీ వేరే. బావగారు అవన్నీ పాసై కూర్చున్నారు. "ఇంట్లో బల్బు మార్చాలంటే మాత్రం కరెంటు మనిషి రావాలి" అంది అక్క.

ఆపైన వాళ్ళ ఆఫీసు ఫ్రెండ్ ఒకాయన, పుట్టు డేన్, అంటే డెన్మార్క్ వాడే, గ్రీన్‌లాండ్ కబురు మోసుకొచ్చాడు. ఫిబ్రవరిలో గైడుతో పాటు వెళ్తే ఎద్దులా కనిపించే మస్క్ ఆక్స్, ధ్రువపు కుందేలు, టార్మిగన్ అనే మంచుకోడి, తెల్ల నక్క, నాలుగూ ఒకే ట్రిప్పులో దొరుకుతాయట. దొరుకుతాయంటే ప్రయత్నించవచ్చని అర్థం. బావగారు దాన్ని మెనూ కార్డులాగే విన్నారు.

అక్క రెండు షరతుల మీద ఒప్పుకుంది. ఒకటి, మంకీ క్యాప్ తీయకూడదు. రెండు, శనివారం ముక్క ముట్టకూడదు. డెన్మార్క్‌లో పర్మనెంట్ రెసిడెన్సీ వస్తే శనివారాలు మాంసం మానేస్తానని ఆయన వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నారు, అది వచ్చేసింది కూడా. ఈ రెండూ అమలవుతున్నాయో లేదో చూడ్డానికి నన్ను వెంట పంపించింది. పేరుకి ఫొటోగ్రాఫర్ని.

మేం దిగింది కంగర్లుస్సువాక్‌లో. ఆర్కిటిక్ వలయానికి కాస్త ఉత్తరాన, పొడవాటి సముద్రపు పాయ చివర, అయిదు వందల మంది ఉండే ఊరు. 1941లో అమెరికా వాళ్ళు కట్టిన వైమానిక స్థావరం ఇది. 1992లో ఖాళీ చేసి వెళ్ళారు. ఇదివరకు కోపెన్‌హాగెన్ నుంచి పెద్ద విమానం నేరుగా ఇక్కడే వాలేది. 2024 నవంబరులో గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌లో కొత్త రన్‌వే తెరిచాక ఆ సందడి అటు మళ్ళింది. మేం కూడా నూక్‌లో మారి చిన్న విమానంలో వచ్చాం. తలుపు తీశారు. మైనస్ 31. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టడం అంటే ఏమిటో మొదటి శ్వాసకే తెలిసింది.

గైడు అక్కడి మనిషే. అక్కడే పుట్టి, అక్కడే వేటాడి, నవ్వితే తప్ప నోరు తెరవని రకం. బయల్దేరే ముందు మూడంటే మూడు మాటలు చెప్పాడు. చెమట పట్టనివ్వకండి. తుపాకికి ఉన్న నూనె చుక్క లేకుండా తుడిచేయండి. రాత్రి గుడిసెలోకి తుపాకి తేకండి, బయటే ఉంచండి. డేన్ ఫ్రెండ్ తలూపి తన రైఫిల్ బోల్టు, అంటే తూటాను లోపలికి తోసే కడ్డీ, విప్పి పొడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. బావగారు కూడా తుడిచారు. తుడుస్తూ నాతో తెలుగులో, "ఇనుముకి నూనె వద్దనేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. మా ఇంట్లో దసరాకి తుపాకికి తలంటు పోసినంత పని చేసేవాళ్ళం" అన్నారు.

మొదటి మాట అప్పటికే చెడింది. ఆయన ఒంటి మీద రెండు బనియన్లు, థర్మల్, ఉన్ని స్వెట్టరు, అక్క అల్లిన మరో స్వెట్టరు, ఆ పైన జాకెట్టు, దాని మీద గైడు ఇచ్చిన బొచ్చు తోలు కోటు ఉన్నాయి. కింద థర్మల్ పైన బొందు పైజమా, దాని మీద ప్యాంటు, ఆ మీద మంచు ప్యాంటు. బండి దాకా ఇరవై అడుగులు నడిచేసరికి నుదుటి మీద చెమట. చలిదేశంలో చలికంటే చెమటే ప్రమాదం, బట్ట తడిసిందంటే వేడి నిలవదు. "గైడు చూడకముందే తుడుచుకోండి" అన్నాను. "ఇది చెమట కాదోయ్, ఉత్సాహం" అన్నారు.

కుక్కల బండి ప్రయాణం గురించి ఫొటోల్లో చెప్పని సంగతి ఒకటుంది. గ్రీన్‌లాండ్‌లో కుక్కల్ని జంటలుగా కట్టరు, విసనకర్ర పుల్లల్లా విడివిడి తాళ్ళతో పరచి కడతారు. డజను కుక్కలు, డజను తోకలు, సరిగ్గా మన ముఖానికి ఎదురుగా. అవి పరుగు ఆపవు. ఏ అవసరానికీ ఆపవు. ముందు సీటు కోసం పట్టుబట్టిన బావగారు అరగంట తర్వాత, "నువ్వు ఫొటోలు తీసుకోవాలి కదా, ముందుకు రా" అన్నారు ఎంతో ఉదారంగా.

శుక్రవారం మంచుకోడితో మొదలైంది. మొదలైంది అంటే మేం చూడలేదు, దాదాపు తొక్కాం. చలికాలంలో ఒళ్ళంతా తెల్లగా అయిపోతుంది, తోక ఈకలు మాత్రం నల్లగా ఉంటాయి, అవి కూడా ముడుచుకుని కూర్చుంటే కనపడవు. కాళ్ళకు కూడా ఈకలే. గైడు వేలితో చూపిస్తున్నాడు, బావగారు "ఎక్కడ? ఎక్కడ?" అంటూ రెండడుగులు వేశారు. ఆయన బూటు ముందునుంచే అయిదారు పిట్టలు టపటపా లేచిపోయాయి. తుపాకి భుజానికి ఎక్కేసరికి అవి లోయ దాటాయి.

కుందేలు అలా కాదు. చాలా మర్యాదగల జంతువు. చెవుల కొసలు మాత్రం నలుపు, మిగతాదంతా తెలుపు. వాలు మీద వెనక కాళ్ళపై నిలబడి మమ్మల్ని తీరిగ్గా పరిశీలించింది. బావగారు మోకాలి మీద కూర్చుని స్కోప్‌లో కన్ను పెట్టారు. గురి కుదిరింది. ఆ సంబరంలో "హమ్మయ్య" అని ఒక నిట్టూర్పు విడిచారు. ఆ ఆవిరి పోయి స్కోప్ అద్దం మీద పడింది, పడ్డచోటే మంచుపొర కట్టింది. చేతి తొడుగుతో రుద్దితే ఇంకా అలుక్కుపోయింది. కుందేలు మరికాసేపు ఎదురుచూసి, ఇక లాభం లేదనుకుని వెళ్ళిపోయింది. దాని వెనకే ఇంకో దాన్ని డేన్ ఫ్రెండ్ ఒక్క గుండుతో కొట్టాడు. ఊపిరి బిగపట్టి కొట్టాడని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

"ఆయనకి మీసం లేదు, ఆవిరి పక్కకు పోయింది" అన్నారు బావగారు. మీసం ప్రస్తావన ఎందుకొచ్చిందంటే, అప్పటికి మంకీ క్యాపు ఉన్నీ ఆయన మీసమూ ఒకే మంచుముద్ద అయిపోయాయి. క్యాపు లాగితే మీసం వస్తోంది. ఆ మీసం ఆయన పదో తరగతి నుంచి పెంచుతున్న ఆస్తి. గైడు వచ్చి తన తొడుగు తీసి, వట్టి అరచేయి ఆయన మూతి మీద ఆనించి, కరిగేదాకా అలాగే నిలబడ్డాడు. నేను ఫొటో తీశాను. అక్కకి ఇప్పటికీ పంపలేదు.

అల్పాచమానం ఉదంతం క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. అన్ని పొరల కింద ఉన్నది బొందు పైజమా. బొందు ముడి పడింది. వేళ్ళకు స్పర్శ లేదు. నేను బావమరిదిని. అంతే.

మధ్యాహ్నం బండి మీదే భోజనం. అక్క కట్టిచ్చిన ఆవకాయ సీసా సంచిలోంచి తీశాం. మూత తీసి వంచితే నూనె కదల్లేదు. తలకిందులు చేసినా కదల్లేదు. పేరిన నెయ్యి రంగులో గట్టిపడి, మధ్యలో మామిడి ముక్కలు ఎక్కడివక్కడ ఇరుక్కుపోయి ఉన్నాయి. చెంచా గుచ్చితే చెంచా వంగింది. గైడు తన కత్తి మొనతో ఒక ముక్క పెకలించి ఇచ్చాడు. బావగారు దాన్ని లాలీపాప్‌లా చప్పరిస్తూ, "నూనె ఇంత గట్టిపడిందేమిటోయ్" అని ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యం ఇంకొక్క అడుగు ముందుకు వేసి ఉంటే మర్నాటి కథ వేరుగా ఉండేది.

దారిలో నక్క అడుగులు కనబడ్డాయి, మేం వచ్చిన జాడ మీదే, మా వెనకే. నక్క మాత్రం కనబడలేదు. అదృష్టవంతుణ్ణి నక్కతోక తొక్కి వచ్చాడంటారు మనవాళ్ళు. తొక్కడానికి ముందు తోక చూపించాలి కదా.

రాత్రి చెక్క గుడిసెలో కిరోసిన్ స్టవ్ వెలిగించారు. గైడు తుపాకీ, ఫ్రెండ్ తుపాకీ ఖాళీ చేసి బయట కవర్లలో ఉన్నాయి. అందరూ పడుకున్నాక బావగారు లేచి వెళ్ళి తన రైఫిల్‌ను చంకలో పెట్టుకుని తెచ్చారు. "పాపం, బయట మైనస్ 35 అట." జేబులోంచి చిన్న నూనె సీసా తీశారు. బోల్టుకు నాలుగు చుక్కలు, లోపలికి రెండు, దేవుడి పేరు మీద ఒకటి.

"గైడు వద్దన్నాడు కదా బావగారూ."

"ఆయనకేం తెలుసోయ్, ఆయన తుపాకి చూశావా, కట్టె మీద గీతలే గీతలు. ఆయుధం అంటే భక్తి లేదు."

వెచ్చటి గదిలోకి వచ్చిన చల్లటి ఇనుము మీద తేమ పడుతుంది. బావగారి రైఫిల్‌కు నిలువెల్లా చెమట పట్టింది. తెల్లారి అదే తేమతో, అదే నూనెతో మళ్ళీ మైనస్ 30లోకి తీసుకెళ్ళారు.

శనివారం. "తినకూడదంది గానీ కాల్చకూడదనలేదు" అని ఆయనే పాయింటు లాగారు. పదకొండు గంటలకు మస్క్ ఆక్స్ మంద దొరికింది. దూరంగా చూస్తే నల్లరాళ్ళు, దగ్గరికి వెళ్తే ఆ రాళ్ళ నోట్లోంచి ఆవిరి వస్తోంది. నేలదాకా వేలాడే జూలు, నుదుటి మీద నడిపాపిడి తీసి నూనె రాసి దువ్వినట్టు రెండు వైపులా వంగిన కొమ్ములు. ఎద్దులా కనిపిస్తుంది గానీ ఇది గొర్రెకూ మేకకూ దగ్గరి చుట్టం. ఈ ప్రాంతంలో అసలు ఇవి లేవట. 1962లోనూ 1965లోనూ తూర్పు గ్రీన్‌లాండ్ నుంచి 27 పిల్లల్ని తెచ్చి వదిలితే ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. అందుకే ఏటా ఇన్ని అని లెక్కగట్టి వేటకు వదులుతారు. మాంసం ఊళ్ళో వాళ్ళు తింటారు.

మమ్మల్ని చూసి అవి పారిపోలేదు. భుజం భుజం ఆనించి, కొమ్ములు మా వైపు పెట్టి వరసగా నిలబడ్డాయి. తోడేళ్ళ మీద వేల ఏళ్ళుగా పనిచేసిన ఎత్తు అది. తుపాకి ముందు పనిచెయ్యదని పుస్తకాల్లో ఉంటుంది.

గైడు ఒక ముసలి పోతును చూపించాడు. అది వరసలోంచి కాస్త పక్కకు జరిగేదాకా ఆగమన్నాడు. జరిగింది. బావగారు ఊపిరి బిగపట్టారు, నిన్నటి పాఠం ఒంటబట్టింది. మీసం దూరంగా పెట్టారు. బోల్టు ముందుకు తోశారు. అది బద్ధకంగా, ఆలోచించుకుంటూ వెళ్ళింది. ట్రిగ్గర్ నొక్కారు.

టిక్.

అంతే శబ్దం. అంత నెమ్మదిగా ఫైరింగ్ పిన్ కదలడం నేను ఊహించలేదు, తూటాను కొట్టలేదు, పలకరించింది. మంద మొత్తం మా వైపు చూస్తోంది. గైడు చెయ్యెత్తి, "కదలకు, అటే పట్టుకుని ఉండు" అన్నాడు. పేలని తూటా ఆలస్యంగా పేలవచ్చు కాబట్టి వెంటనే తెరవకూడదు. ఆ నిమిషం పాటు బావగారు మస్క్ ఆక్సుల్ని గురి చూస్తూ, మస్క్ ఆక్సులు బావగార్ని చూస్తూ ఉండిపోయారు. పక్కనుంచి నేను చూస్తే ఎవరు ఎవర్ని వేటాడుతున్నారో తెలియలేదు.

తర్వాత బోల్టు తీయబోతే రాలేదు. గైడు తీసి చూశాడు. లోపల నూనె తేనెలా చిక్కబడి, దాని మీద మంచు గరుకు. ఆయన ఏమీ అనలేదు. వాసన చూసి, బావగారి ముఖం చూసి, నవ్వాడు. అప్పుడు బావగారు నా చెవిలో అన్నారు, "ఒరేయ్, ఆవకాయ!"

పోతును డేన్ ఫ్రెండ్ కొట్టాడు, బయట పడుకున్న పొడి తుపాకితో. దగ్గర దగ్గర మూడొందల కిలోల జంతువు. అసలు పని అప్పుడు మొదలైంది. గైడు తొడుగులు తీసేసి వట్టి చేతులతో కోశాడు, ఆ వేడిలోనే చేతులు కాచుకుంటూ. తోలు, మాంసం, కొవ్వు, గుండె, ఏదీ వదల్లేదు. బావగారికి ఒక కాలు పట్టుకునే బాధ్యత అప్పగించారు. దాన్ని ఆయన చాలా గంభీరంగా నిర్వర్తించారు.

రాత్రి గుడిసెలో సువాసాత్ కాచారు. గ్రీన్‌లాండ్‌లో ఇంటింటా చేసుకునే సూప్ అది, మాంసం, ఉల్లిపాయలు, గుప్పెడు బియ్యం, ఉప్పు, మిరియాలు. స్టవ్ పక్కన పెట్టిన ఆవకాయ కరిగి ఊట పైకి తేలింది. నేను రెండోసారి వడ్డించుకుంటున్నాను. బావగారి ముందు బిస్కెట్లు ఉన్నాయి.

"టైమెంతోయ్?"

"ఎనిమిది కావస్తోంది."

"ఇక్కడికీ మనకీ ఏడున్నర గంటలు తేడా. తిరుమలలో తెల్లారగట్ట మూడున్నర. సుప్రభాత సేవ అయిపోతూ ఉంటుంది. స్వామికి ఆదివారం వచ్చేసింది."

"మీరున్నది గ్రీన్‌లాండ్‌లో కదా."

"మొక్కింది ఎవరికి? స్వామికి. స్వామి ఉన్నదెక్కడ? ఆయన గడియారమే లెక్క."

"వారం మారేది సూర్యోదయానికి అని మీ అమ్మగారే అంటారు."

ఆయన ఇది ఊహించలేదు. వేళ్ళు మడిచి లెక్కేశారు. అక్కడ ఆరున్నరకి పొద్దు పొడిస్తే ఇక్కడ పదకొండు. గిన్నె దూరంగా జరిపారు. విషయం ఏమిటని గైడు అడిగితే నేను ఫ్రెండ్‌కి చెప్పాను, ఆయన గైడుకి వివరించాడు: ఇండియాలో సూర్యుడు రావాలట. చలికాలం చీకటీ వేసవి వెలుతురూ తారుమారయ్యే దేశంవాడు కదా, గైడుకి అందులో వింతేమీ కనబడలేదు. తలూపి, సూప్ గిన్నె మళ్ళీ స్టవ్ మీదికి ఎక్కించాడు. పదకొండు కొట్టగానే బావగారు తూర్పు ఎటో అడిగి తెలుసుకుని, ఒక దణ్ణం పెట్టి, మూడు గిన్నెలు ఖాళీ చేశారు.

కంగర్లుస్సువాక్ చేరి సిగ్నల్ రాగానే అక్క ఫోన్. వేట సంగతి అడగలేదు.

"శనివారం తిన్నారా?"

"లేదక్కా. ఆదివారం సూర్యోదయం అయ్యాకే తిన్నారు."

అటువైపు ఒక్క క్షణం నిశ్శబ్దం.

"ఏ ఊరి సూర్యోదయం?"