చెక్కు వెంట ఒక అక్క

మూడేళ్ల కిందట డిసెంబరులో న్యూజెర్సీలోని మన సంఘం సేవా కార్యక్రమాలకని ఇండియా వెళ్లినప్పుడు, పల్నాడులో ఒక కల్యాణ మండపంలో పదిహేను మంది అమ్మాయిలకు స్కాలర్‌షిప్పులు ఇచ్చాం. మనిషెత్తు చెక్కులు ఫ్లెక్సీ మీద వేయించి పెట్టారు. ఒక కొస అమ్మాయి పట్టుకోవాలి, రెండో కొస దాత పట్టుకోవాలి. బీటెక్ రెండో ఏడు చదువుతున్న ఒక అమ్మాయి పక్కన రెండో కొస పట్టుకున్నది నేను. ఫొటో అయ్యాక ఆ పిల్ల చేతికి మైకిచ్చి, "మీ ఇంటి పరిస్థితి చెప్పమ్మా" అన్నారు. నాన్న కౌలుకు మిరప వేస్తాడని, అమ్మ కూలికి పోతుందని, కిందటేడు పంట పోయిందని చెప్పింది. ముందు వరసలో ఆ పిల్ల చదివే కాలేజీ నుంచి వచ్చిన వాళ్లే ముగ్గురు కూర్చుని ఉన్నారు. చెబుతున్నంతసేపూ చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

ఆ రోజు ఇచ్చిన ముప్ఫై వేలు అప్పటికే ఖర్చయిపోయిన డబ్బని నాకు తర్వాత ఎప్పటికో తెలిసింది. హాస్టల్ ఫీజు ఆగస్టులోనే కట్టాలి. వాళ్ల నాన్న ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. అంటే ఏడాదికి 24 శాతం. మన చెక్కు డిసెంబరులో అందింది కాబట్టి, అసలులో కొంత తీరింది, నాలుగు నెలల వడ్డీ మాత్రం వాళ్ల నెత్తినే పడింది. మనకు డిసెంబరు ఎందుకు? మన పిల్లలకు సెలవులు కాబట్టి, మనకు టికెట్లు కుదిరేది అప్పుడే కాబట్టి. ఆ అమ్మాయి చదువు క్యాలెండరును మనం ఒక్కసారి కూడా చూడలేదు.

తిరిగొచ్చాక ఎందుకో ఆ పిల్ల వేలికి చుట్టుకున్న చున్నీయే గుర్తుకొచ్చేది. నంబరు సంపాదించి ఫోన్ చేశాను. శనివారం రాత్రి ఇక్కడ న్యూజెర్సీలో మా భోజనాలు అయ్యేసరికి అక్కడ ఆదివారం పొద్దున. హాస్టల్లో పూరీల రోజట, వెనక నుంచి మెస్ క్యూలో గోల వినిపించేది. "ఎలా చదువుతున్నావమ్మా?" "బాగానే చదువుతున్నాను మేడమ్." "డబ్బుకేమన్నా ఇబ్బందా?" "ఏం లేదు మేడమ్." మూడు నెలలు ఇదే సంభాషణ, ప్రతిసారీ నాలుగు నిమిషాలు. మానేద్దామా అని కూడా అనుకున్నాను. నాలుగో నెలలో ఒక ఆదివారం "అక్కా" అంది. తర్వాత చాలాసేపు మాట రాలేదు.

సంగతేమిటంటే, మిరప కోతల్లో ఉండగా వాళ్లమ్మ నడుం పట్టేసి మంచాన పడింది. వంటకు, నీళ్లకు, గేదెకు మనిషి కావాలి. తమ్ముడు ఇంటర్ సెకండియర్, వాడి చదువు ఆపకూడదు. అందుకని ఈమెను పిలిపించారు. అయిదు వారాలు ఇంటి దగ్గరే ఉండిపోయింది. హాజరు 66 శాతానికి పడిపోయింది. 75 లేకపోతే డిటైన్ చేస్తారని, ఏడాది పోతుందని, ఆ మాట తెలిస్తే నాన్న ఇక చదువు చాలు, సంబంధం చూస్తాననేస్తాడని రెండు వారాలుగా ఎవరికీ చెప్పకుండా ఏడుస్తోంది.

నాకు మాత్రం ఏం తెలుసు? ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరరుగా ఉన్న మా పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను. "65కీ 75కీ మధ్య ఉంటే కండొనేషన్, అంటే తగ్గిన హాజరుకు మినహాయింపు ఉంటుందక్కా. తగిన కారణం చూపించి, కాగితాలు పెట్టి, ఫీజు కట్టి తెచ్చుకోవాలి. రేపే వాళ్ల డిపార్ట్‌మెంట్ హెడ్‌ని, హెచ్‌ఓడీని కలవమను" అన్నాడు. ఆ పిల్ల రెండేళ్లలో ఒక్కసారి కూడా హెచ్‌ఓడీ గది గుమ్మం తొక్కలేదు. ఏం చెప్పాలో ఫోన్లో నాతో రెండుసార్లు చెప్పి చూసుకుంది. మర్నాడు వెళ్లింది, పని అయింది. చదువు నిలిచింది. దానికి అయిన ఖర్చు మన ఫ్లెక్సీ చెక్కుల అచ్చు ఖర్చుకంటే తక్కువే.

ఇది చూశాక నా అభిప్రాయం గట్టిపడింది. ఆడపిల్లల చదువుకు మన సంఘం ఇస్తున్న డబ్బు మంచి డబ్బే. కానీ డబ్బొక్కటే పంపి ఊరుకుంటే, అది సగం సాయం కూడా కాదు.

"అక్కడ ప్రభుత్వం ఇస్తోంది కదా" అని మనలో చాలామంది అంటారు. ఇస్తోంది, కాదనను. 2008 నుంచి ఉన్న ఫీజు రీయింబర్స్‌మెంటు లేకపోతే మన ఊళ్ల నుంచి ఇంతమంది అమ్మాయిలు ఇంజినీరింగ్ గడప తొక్కేవాళ్లే కాదు. కానీ ఆ డబ్బు ఆలస్యమైతే కాలేజీ ముందు పట్టుకునేది విద్యార్థినినే. హాల్ టికెట్ దగ్గరో, చివర్లో సర్టిఫికెట్ల దగ్గరో ఆపుతారు. ఇక కేంద్రం వైపు సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్పు ఉంది. సాంకేతిక విద్య చదివే అమ్మాయిలకే ప్రత్యేకం. ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల వరకు వర్తిస్తుంది. మొదటి ఏడాదిలో చేరినప్పుడే దరఖాస్తు పెట్టుకోవాలి. మన అమ్మాయికి ఆ పేరే తెలియదు. ఆమెకు వచ్చిన మార్కులకు వచ్చి ఉండేదని నా నమ్మకం. నాలుగేళ్లకు 2 లక్షలు! మనం ఇచ్చింది ముప్ఫై వేలు. మొదటి ఏడాది ఆగస్టులో ఎవరో ఒకరు ఒక్క ఫోన్ చేసి, ఆదాయ సర్టిఫికెట్ గ్రామ సచివాలయంలో తీయించుకో, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకయిందో లేదో చూసుకో, ఫలానా తేదీలోపు పోర్టల్‌లో పెట్టు అని చెప్పి ఉంటే, ఆ ఫోన్ మన చెక్కుకు ఆరు రెట్లకు పైగా విలువ చేసి ఉండేది.

పాతకాలం వాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే, ఆడపిల్లలకు హాస్టల్ లేదని వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి వెనకాడారు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, తనలాగే చదువుకోవాలనుకుంటున్న అమ్మాయిలను పోగుచేసి, అందరూ కలిసి ఉండే ఏర్పాటు చేసుకుని మరీ చేరారు. అదే మనిషి మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టి, ఆడవాళ్లను బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వాళ్ల మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టారు. ఫీజు కట్టి ఊరుకోలేదు, దగ్గరుండి చదివించారు.

మనకు ఇక్కడ కూతవేటు దూరంలో ఇంకో కథ ఉంది. ఎడిసన్ ఊరి నుంచి కారులో అరగంట పోతే వచ్చే రోజెల్ ఊళ్లో థియోడీషియా కార్పెంటర్ అనే గృహిణి ఉండేది. ఎక్కడో మహారాష్ట్రలో ఒక అమ్మాయి వైద్యం చదవాలనుకుంటోందని పత్రికలో చదివి, ముక్కూమొహం తెలియని ఆ పిల్లకు ఉత్తరం రాసింది. ఉత్తరాలు ఏళ్ల తరబడి నడిచాయి. 1883లో ఆ పిల్ల, ఆనందీబాయి జోషి, న్యూయార్క్ రేవులో దిగితే ఎదురెళ్లి తీసుకొచ్చింది. రోజెల్లో తన ఇంట్లోనే పెట్టుకుంది. ఆనందీబాయి ఆమెను మరాఠీలో "మావశీ" అని, అంటే పిన్నీ అని పిలిచేది. 1886లో ఫిలడెల్ఫియాలో ఆనందీబాయి డాక్టరు పట్టా పుచ్చుకుంది. మరుసటేడు, ఇరవై రెండేళ్లు నిండకుండానే పోయింది. భర్త ఆమె అస్థికలను కార్పెంటరుకు పంపాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని పొకీప్సీలో కార్పెంటర్ కుటుంబపు శ్మశానస్థలంలో ఆ రాయి ఇప్పటికీ ఉంది. నేను వెళ్లి చూశాను. ఆ చదువుకు కాలేజీ స్కాలర్‌షిప్పు ఇచ్చిన మాట నిజమే, కానీ ఆ పిల్ల సముద్రం దాటే ధైర్యం చేసింది ఇవతల ఒక మనిషి ఉందని తెలిసి.

ఈ పని ఒక పద్ధతిగా చేసి చూపించిన వాళ్లూ ఉన్నారు. సిలికాన్ వ్యాలీలో ప్రభు గోయల్ దంపతులు 1994లో మొదలుపెట్టిన ఫౌండేషన్ ఫర్ ఎక్స్‌లెన్స్, విద్యార్థులను వెతికి, పరిశీలించి, వెన్నంటి ఉండడానికి ఇండియాలో స్వచ్ఛంద కార్యకర్తలను పెట్టుకుంది. ఉదయన్ కేర్ అనే సంస్థ వాళ్లు 2002లో ఢిల్లీలో పెట్టిన శాలినీ ఫెలోషిప్‌లో అమ్మాయికి డబ్బుతో పాటు తనను కనిపెట్టుకుని ఉండే మెంటరు కూడా ఉంటారు. మనం కొత్తగా ఏదో కనిపెట్టాల్సిన పనిలేదు.

కిందటి సమావేశంలో ఇదంతా చెబితే రెండు అభ్యంతరాలు వచ్చాయి. మొదటిది డబ్బు పంపడంలోని చిక్కులు. ఇండియాలో విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. కాబట్టి మన కోశాధికారి గారు జాగ్రత్తపడటం సబబే. కానీ ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా. రెండోది, పేద అబ్బాయిలు లేరా అని. ఉన్నారు, వాళ్లకూ ఇద్దాం. అయితే అదే ఇంట్లో, అదే కష్టం వచ్చినప్పుడు పుస్తకం మూసి ఇంటికి రమ్మని ఎవరిని పిలిచారో పైన చెప్పాను. తమ్ముణ్ని పిలవలేదు. అమ్మాయి చదువు ఆగేది ఒక్క ఫీజు దగ్గరే కాదు. అమ్మకు జబ్బు చేసినప్పుడు ఆగుతుంది, మంచి సంబంధం వచ్చినప్పుడు ఆగుతుంది, సాయంత్రం బస్సు రద్దయినప్పుడు ఆగుతుంది. వీటిలో దేనికీ చెక్కు రాయలేం.

నేను అడుగుతున్నది ఇది. డబ్బు ఆగస్టుకల్లా అందాలి, అదీ ఒక్క ఏడాదికి కాదు, కోర్సు అయ్యేదాకా. దానికోసం పదిహేను మందికి బదులు ఆరుగురికే ఇవ్వాల్సి వస్తే ఆరుగురికే ఇద్దాం. వేదిక వద్దు, మైకు అసలే వద్దు. పద్దెనిమిదేళ్ల పిల్ల తన ఇంటి లేమిని పదిమందిలో చెప్పుకుంటేనే సాయం దొరుకుతుందనడం తప్పు, ఆ తప్పులో నాకూ భాగం ఉంది. ప్రతి అమ్మాయికీ మన సభ్యుల్లోంచి ఒక అక్క ఉండాలి, పక్షానికి ఒకసారి ఫోన్ చేయాలి. మొదటి మూడు నెలలూ "బాగున్నాను మేడమ్" తప్ప ఏమీ రాదని తెలిసే చేయాలి. పెళ్లెప్పుడు, కులమేమిటి లాంటి ప్రశ్నలు అడగకూడదు. అన్నీ తెలిసినవాళ్లే కానక్కర్లేదు, ఎవరిని అడగాలో తెలిస్తే చాలు. ఆ అడిగించుకునే పని మన మగవాళ్లు తీసుకోవచ్చు. మా పిన్ని కొడుకు లాంటి లెక్చరర్లు, బ్యాంకు మేనేజర్లు, సచివాలయం ఉద్యోగులు మన చుట్టాల్లో ఎంతమంది లేరు! ఆ పేర్లన్నీ ఒకచోట రాసి పెట్టుకుందాం.

మొన్న మే నెలలో ఆ అమ్మాయి చదువు పూర్తయింది, ఒక్క సప్లీ కూడా లేకుండా. వాళ్ల నాన్న ఫోన్ తీసుకుని, "అమ్మా, మీరు ఆ రోజు ఫోన్ చెయ్యకపోతే నేను మాన్పించేవాణ్నే" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి వినడం నాకు ఎంత బరువుగా అనిపించిందో చెప్పలేను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరింది. వాళ్ల ఊరి నుంచి ఈ ఏడు బీటెక్‌లో చేరిన ఇద్దరమ్మాయిల నంబర్లు నాకు పంపింది. "ప్రగతికి ఇద్దరిచేతా నేనే పెట్టిస్తానక్కా, కానీ ఒకమ్మాయికి ఇంగ్లీషంటే భయం, నువ్వు మాట్లాడు" అంది. వచ్చే ఆదివారం పొద్దున, పూరీల వేళకు చేస్తానని చెప్పాను. రెండో అమ్మాయికి ఇంకా అక్క కుదరలేదు. మీలో ఎవరికైనా కుదిరితే సంఘం కార్యాలయంలో మీ పేరు ఇవ్వండి.