రాత్రి మూడింటికి రాసే రాజీనామాలు

నా స్నేహితురాలు ఒక పెద్ద సంస్థలో ఫైనాన్స్ విభాగం చూస్తోంది. వయసు 47. ఆమధ్య బోర్డు మీటింగ్‌లో స్లయిడ్ మార్చి నోరు తెరిచింది. మాట రాలేదు. ఇరవై రెండేళ్లుగా రోజూ వాడే మాట, 'తరుగుదల'. "అదే... మెషీన్ల విలువ ఏటా తగ్గించి చూపిస్తాం కదా, అది" అంది. పక్కనున్నవారు అందించారు. అంతలోనే ఛాతీలో మొదలైన వేడి మెడ మీదుగా చెవుల దాకా పాకింది. చేతిలోని కాగితం చెమటకు తడిసి వేళ్లకు అతుక్కుపోయింది. మీటింగ్ మామూలుగానే ముగిసింది, ఎవరూ ఏమీ అనలేదు. ఆ రాత్రి మూడింటికి మెలకువ వచ్చి, తనకు ఇవ్వబోతున్న ప్రమోషన్ వద్దంటూ మెయిల్ రాసి పెట్టుకుంది. "నా బుర్ర పనిచేయడం మానేసిందే" అని మర్నాడు ఫోన్‌లో ఏడ్చింది.

ఆ మెయిల్ పంపకుండా ఆపగలిగాను. ఆపలేకపోయినవీ ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

పెరిమెనోపాజ్ గురించి ఇప్పుడు చాలామందికి తెలుసు. నెలసరి పూర్తిగా ఆగిపోవడానికి ముందు కొన్నేళ్లపాటు ఈస్ట్రోజన్ హార్మోన్ ఎగుడుదిగుడుగా సాగే దశ. ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, గుండెదడ, చిరాకు, అధిక రక్తస్రావం, ఇవన్నీ వినే ఉంటారు. నా బాధంతా ఆ లక్షణాలను చూసి ఆడవాళ్లు తమ గురించి తాము వేసుకుంటున్న తప్పుడు అంచనా మీద. కొన్నేళ్లు ఉండి పోయేదాన్ని 'ఇక నా పని ఇంతే' అనుకుని, ఆ లెక్కన జీవితాంతం మోయాల్సిన నిర్ణయాలు తీసేసుకుంటున్నారు.

అమెరికాలో 1996లో మొదలై, మూడు వేల మందికి పైగా మహిళలను ఏళ్ల తరబడి పరిశీలించిన 'స్వాన్' అధ్యయనం ఈ విషయంలో చాలా విలువైనది. ఒకే రకం పరీక్ష మళ్లీ మళ్లీ రాస్తే ఎవరికైనా స్కోరు కొంత పెరుగుతుంది. పెరిమెనోపాజ్‌లో ఉన్నప్పుడు జ్ఞాపకశక్తి, చురుకుదనం పరీక్షల్లో ఆ పెరుగుదల కనిపించలేదు. నెలసరి ఆగి, ఆ దశ దాటాక అది మళ్లీ మునుపటిలా కనిపించింది. 2009లో వెలువడిన ఈ ఫలితాన్ని నలభై దాటిన ప్రతి ఉద్యోగినికీ చదివి వినిపించాలనిపిస్తుంది నాకు. మాట తట్టకపోవడం తెలివి అరిగిపోవడానికి గుర్తు కానే కాదు. పైగా రాత్రి చెమటలతో మూడుసార్లు లేచిన మనిషి ఆమె. అంత నిద్ర చెడితే పాతికేళ్ల కుర్రాడికైనా మాటలు తడబడతాయి. అతను మాత్రం 'నిద్ర చాల్లేదు' అనుకుంటాడు, రాజీనామా రాయడు.

ఆవిర్లు మాత్రం అంత త్వరగా వదలవు. తరచుగా వచ్చేవాళ్లలో సగం మందికి ఏడేళ్లకు పైనే ఉంటాయని అదే అధ్యయనం 2015లో తేల్చింది. ఏడేళ్లు పళ్ల బిగువున భరించాల్సిన పని లేదు, చికిత్స ఉంది. కానీ 2002లో, హార్మోన్లను మందుగా ఇచ్చి చూసిన 'విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్' అనే అమెరికా పరిశోధనలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశాక హార్మోన్ చికిత్స అంటేనే భయం పట్టుకుంది. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63, అంటే చాలామంది ఈ దశ ఎప్పుడో దాటినవాళ్లు. హార్మోన్లు తీసుకోనివారితో పోలిస్తే రొమ్ము క్యాన్సర్ కేసులు ఏడాదికి పదివేల మందికి 8 చొప్పున ఎక్కువగా కనిపించాయి. ఆ అంకె ఎవరికీ గుర్తులేదు, భయం ఒక్కటే మిగిలింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డకట్టే ముప్పున్న కొందరికి ఈ చికిత్స సరిపడకపోవచ్చు. వాళ్లకు హార్మోన్ లేని మందులు, నిద్రకు ఉపయోగపడే థెరపీ ఉన్నాయి. నా స్నేహితురాలిని మొదట చూసిన డాక్టర్ 'టెన్షన్ తగ్గించుకోండి' అని నిద్రమాత్రలు రాసి పంపారు. 45 దాటి ఈ లక్షణాలుంటే హార్మోన్ల రక్తపరీక్ష కూడా అవసరం లేకుండానే పెరిమెనోపాజ్‌గా గుర్తించవచ్చని బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఐరన్ కూడా చూడాలి. ఆమెకు ఆ పరీక్ష రాసింది రెండో డాక్టర్.

ఇవన్నీ బయట మాట్లాడితే యాజమాన్యాలు నలభై దాటిన ఆడవాళ్లను పక్కన పెడతాయని కొందరి వాదన. ఆ భయంలో నిజం ఉంది. 2018లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ డిప్యూటీ గవర్నర్ బెన్ బ్రాడ్‌బెంట్, మందగించిన ఆర్థిక వ్యవస్థను మెనోపాజ్‌తో పోల్చి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నారు. అంత పెద్ద స్థానంలో ఉన్నవారి నోటికే ఆ మాట 'సత్తువ అయిపోవడం' అనే అర్థంలో వచ్చిందంటే, ఇన్నాళ్ల మౌనం వల్ల ఆ అభిప్రాయం చెక్కుచెదరలేదనే కదా! మౌనం మనల్ని కాపాడలేదు.

అసలు తప్పు నిచ్చెనలోనే ఉంది. పెద్ద పదవులు పంచే వయసు నలభై అయిదు నుంచి యాభై అయిదు. అంతకుముందు పరుగెత్తి నిరూపించుకోవాల్సిన వయసు ముప్ఫైలు. ఒకటి పెరిమెనోపాజ్ కాలం, ఇంకొకటి కాన్పుల కాలం. ఈ రెండూ ఎరగని శరీరాన్ని కొలతగా పెట్టుకుని మెట్లు కట్టారు. ఆఫీసు గదిలో చల్లదనం లెక్క కూడా అంతే. 1960లలో తయారైన ఆ సూత్రం నలభై ఏళ్ల వయసు, 70 కిలోల బరువున్న మగవాడి మీద ఆధారపడిందని 2015లో ఇద్దరు డచ్ శాస్త్రవేత్తలు ఎత్తిచూపారు. ఒక మనిషి ఒంటికి సరిపోయే గదిలో అందరినీ కూర్చోబెట్టి, ఇమడలేనివాళ్లది 'వ్యక్తిగత సమస్య' అంటున్నాం. ఆ మాటే రాజీనామా లేఖలో 'వ్యక్తిగత కారణాలు' అవుతుంది. హెచ్ఆర్ ఫైల్ మూసేస్తుంది.

ప్రత్యేక సెలవులు కావాలని నేను అడగడం లేదు. ఈ లక్షణాలు దీర్ఘకాలం, తీవ్రంగా ఇబ్బంది పెడితే సమానత్వ చట్టం కింద వైకల్యంగా పరిగణించవచ్చని, అప్పుడు పనిచేసే చోట తగిన మార్పులు చేయాలని బ్రిటన్ సమానత్వ, మానవ హక్కుల కమిషన్ 2024లో స్పష్టం చేసింది. మంచిదే. కానీ వైకల్యం అనిపించుకునే దాకా ఎందుకు ఆగాలి? గంట ఆలస్యంగా రావడానికి, తన దగ్గరి ఏసీని తన ఒంటికి తగ్గట్టు తానే మార్చుకోవడానికి, రెండు గంటల మీటింగ్‌లో పది నిమిషాలు లేచి వెళ్లడానికి ఎవరూ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేని ఆఫీసు కావాలి. రాత్రంతా జ్వరంతో ఉన్న పిల్లాడిని ఎత్తుకు తిరిగిన తండ్రికీ అదే కావాలి.

సంస్థలు గత అయిదేళ్ల రాజీనామాలను వయసులవారీగా తీసి చూడాలి. 'వ్యక్తిగత కారణాలు' అని రాసి వెళ్లిపోయిన ఆ వయసు ఆడవాళ్లకు ఫోన్ చేసి, ఏం మార్చి ఉంటే ఉండేవారో అడగాలి. నా స్నేహితురాలు చివరికి ఒక్కటే అడిగింది, ఉదయం ఎనిమిది గంటల రివ్యూను పదికి మార్చమని. మార్చారు. కారణం ఎవరూ అడగలేదు.