సవరణ: తురహళ్ళి, అటవీ చట్టం పోస్టు గురించి

మొన్నటి పోస్టులో అటవీ చట్టం సడలింపుని వ్యతిరేకించాలి, మన బెంగళూరు కనకపుర రోడ్డు పక్క తురహళ్ళి అడవికీ ముప్పే అని రాశా కదా, దాన్ని కొందరు రేపే రంపాలు దిగిపోతాయన్నట్టు గ్రూపుల్లో తిప్పేస్తున్నారు, అందుకే ఈ సవరణ. ఆ సడలింపు ఇప్పుడు బిల్లు కాదండీ, 2023లోనే పార్లమెంటులో పాసయిపోయి డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది, 'బిల్లు ఆపండి' అని పిటిషన్లు పెట్టి లాభం లేదు.

కలప కోసం నరుక్కోమని అందులో లేదు. 1980 చట్టం ప్రకారం అడవి భూమిని వేరే పనికి వాడాలంటే కేంద్రం పర్మిషన్ కావాలి, ఇప్పుడు కొన్నిటికి అక్కర్లేదన్నారు. దేశ సరిహద్దుకి 100 కిలోమీటర్ల లోపు వ్యూహాత్మక రోడ్లంటే మనకి దూరం, సరే, కానీ సర్కారు జూలు, సఫారీలు, ఎకో టూరిజం కూడా ఆ లిస్టులోనే ఉన్నాయి, నా భయమల్లా అదే. 2021లో తురహళ్ళిలో ట్రీ పార్కు కడతామంటే (అడవిలో మళ్ళీ పార్కేంటో!) పొద్దున్నే సైకిళ్ళేసుకొచ్చేవాళ్ళూ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లవాళ్ళూ గట్టిగా గొడవ చేస్తేనే ఆగింది.

సర్కారు రికార్డుల్లో అడవిగా ఎక్కని తోపులు, గుట్టల సంగతి వేరు. 1996 సుప్రీంకోర్టు తీర్పుతో వాటికీ రక్షణ ఉండేది, 2023 చట్ట సవరణ దాన్ని కుదించింది, 2024 ఫిబ్రవరిలో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి ప్రస్తుతానికి పాత పద్ధతే నడుస్తోంది. షేర్ చేసినవాళ్ళు పాతది తీసేసి ఇది పెట్టండి ప్లీజ్.